పాసుపుస్తకం గారికి ఒక పట్టాదారు విన్నపం

మహారాజశ్రీ పట్టాదారు పాసుపుస్తకం గారి సముఖమునకు, వరంగల్ జిల్లాలో ఏడెకరాల చెలక, హైదరాబాదులో సొంత ఫ్లాటు గల విధేయుడు రాసుకొను విన్నపము.

తమరు మా బీరువాలో పట్టుచీరల మడతల నడుమ, కలరా ఉండల వాసనలో క్షేమంగా ఉన్నారు. చెలక క్షేమమా కాదా అన్నది నాకు తెలియదు; అది కౌలుదారును అడగవలసిన మాట.

2018 మే నెలలో తెలంగాణ సర్కారు వారి పెట్టుబడి సాయం రైతుబంధు మొదలై, పంటకు ఎకరాకు 4,000 రూపాయల లెక్కన చెక్కు చేతికందిన రోజునే నేను రైతునన్న సంగతి నాకు తెలిసింది. మరుసటి ఏడాది అది 5,000 అయ్యింది. 2023 ఎన్నికల హామీల్లో కౌలు రైతు మాట కూడా వినిపించేసరికి కొంత గాభరా పడ్డాను గాని, 2025 జనవరిలో ఆ పథకమే రైతుభరోసాగా పేరు మార్చుకొని 6,000 అయినప్పుడు కూడా సొమ్ము తమరి ముఖం చూసే నా ఖాతాకు నడిచి వచ్చింది. కేంద్రం వారి పీఎం కిసాన్‌కు మాత్రం ఆదాయపు పన్ను కట్టేవాడు పనికిరాడట. తమరికి అటువంటి చాదస్తాలు లేవు. రైతుబంధులో విస్తీర్ణానికి పరిమితి లేదు గనుక ఎకరం ఆసామికి ఏడాదికి 10,000, నూరెకరాల ఆసామికి 10 లక్షలు ముట్టాయి. తమరి తూకంలో వీసమెత్తు తేడా లేదు.

మా కౌలుదారు తొలకరికి ముందే నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి నా కౌలు కడతాడు, ఎందుకంటే తమరు లేనిదే బ్యాంకు అతనికి పంట రుణం ఇవ్వదు. ముక్కుకు తువ్వాలు చుట్టుకొని పత్తికి మందు కొట్టేది అతను. చీకట్లో పాముపుట్టల మీదుగా మోటారు దగ్గరకు వెళ్ళేది అతను. రైతుబీమా కింద 5 లక్షల రూపాయల రక్షణ మాత్రం పద్దెనిమిది నుంచి యాభై తొమ్మిదేళ్ళ పట్టాదారుకు, అనగా చల్లని గదిలో కూర్చొని ఈ లేఖ రాస్తున్న నాకు. నా ప్రాణానికి ఇంత ముప్పు ఉందని తమరి వల్లనే తెలిసింది.

ఫోనులో డబ్బు పడిన సందేశం మోగిన సాయంత్రమే అతని ఫోను కూడా వస్తుంది. ‘పైసలు పడ్డయా పటేలా?’ అంటాడు, అంతకు మించి ఒక్క మాట పెంచడు. పడ్డాయనే చెబుతాను, నేను అబద్ధాలాడను. కౌలులో ఓ రెండు వేలు తగ్గిస్తానేమోనని అతను కాసేపు ఆగుతాడు. ఎరువుల ధర ఎంతుందని నేను పరామర్శిస్తాను.

అతనికి గుర్తింపు ఇవ్వవచ్చు కదా అని ఓ మిత్రుడు ఆ మధ్య నన్ను నిలదీశాడు. అందుకు చట్టం లేకపోలేదు: కౌలుదారులకు రుణ అర్హత కార్డు ఇవ్వాలని ఉమ్మడి రాష్ట్రం 2011లోనే చేసింది. కాని 1950 నాటి కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు వాళ్ళు దున్నే భూమి మీదే హక్కులిచ్చిన కథలు మా తాతగారు మాకు పాల బువ్వతో పాటే తినిపించారు. అందుచేత మా ఒప్పందం నోటిమాట మీదే నడుస్తుంది. 2020లో ధరణి అనే ఆన్‌లైన్ భూరికార్డుల పోర్టల్ వచ్చాక రికార్డులో సాగు చేసేవారి పేరు రాసే గడి కూడా పోవడంతో నాకున్న కాస్త బెంగా తీరింది.

ఉగాదికి కౌలు తిరగరాసుకుందాం అన్నాడు మా కౌలుదారు. రాసుకోవడానికి ఏముంది గనుక? అయినా వస్తాడు, వచ్చేటప్పుడు బస్తాడు కందులు తెస్తాడు. తమరు ఆ పూట బీరువాలోంచి బయటికి రావద్దని మనవి. పత్తి అమ్ముకోవడానికి తమరి నకలు ఒకటి కావాలని పోయినసారే అడగబోయి ఆగాడు.