మలయాళంలో తొమ్మిది ప్రసంగాలు. మరి మన తెలుగులో?

2020 ఆగస్టులో, డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం తయారుచేసేవాళ్ళ వార్షిక సదస్సు డెబ్‌కాన్ఫ్ ఇజ్రాయెల్‌లోని హైఫాలో జరగాల్సింది. కోవిడ్ దెబ్బకు మొత్తం ఆన్‌లైన్‌కి మారింది. ఆ షెడ్యూల్లో ఇంగ్లీషు కాక రెండు భాషలకు విడిగా చోటిచ్చారు: స్పానిష్‌లో 2 రోజుల్లో 8 ప్రసంగాలు, మలయాళంలో 3 రోజుల్లో 9. సాఫ్ట్‌వేర్ పేరు చెప్పుకుని సముద్రాలు దాటిన మనకు ఆ 9 కాస్త గుచ్చుకోవాలి.

ఉత్సాహానికి మనకేం కొదవ లేదు. సదస్సు ప్రకటన వస్తే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో పోస్టర్లే పోస్టర్లు. వక్తలూ దొరుకుతారు: హైదరాబాదులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే ‘స్వేచ్ఛ’ సంస్థ వాళ్ళున్నారు, తెలుగు వికీపీడియా 2003 నుంచి నడుస్తోంది. లేనిది తెరవెనక చాకిరీ చేసే మనుషులు. ఇలాంటి సదస్సులో తెలుగు ట్రాక్ (తెలుగు ప్రసంగాల విభాగం) పెట్టించాలనుకుంటే మన తెలుగు సంఘం స్పాన్సర్‌షిప్ చెక్కు కన్నా ముందు నలుగురు వాలంటీర్లను ఇవ్వాలి.

ఒకరు వేళలు చూడాలి. భారత్‌లో రాత్రి 7:30 అంటే 14:00 యూటీసీ (ప్రపంచ ప్రామాణిక కాలం). వేసవిలో డల్లాస్‌లో ఉదయం 9, లండన్‌లో మధ్యాహ్నం 3. అందరికీ కుదిరే వేళ ఇదే. అయితే బ్రిటన్ గడియారాలు అక్టోబరు చివరి ఆదివారం వెనక్కి జరుగుతాయి, అమెరికావి నవంబరు మొదటి ఆదివారం. ఆ మధ్య వారంలో సదస్సు పెడితే సగం మంది గంట తేడాతో వస్తారు. పోస్టర్ మీద యూటీసీ కూడా వేయండి.

రెండోవారు రికార్డింగు చూడాలి. ప్రసంగాలు ముందే రికార్డు చేయించడం మేలు, ప్రశ్నోత్తరాలు మాత్రం లైవ్. 2021లో ఫాస్‌డెమ్ అనే ఓపెన్‌సోర్స్ సదస్సు ఇలాగే నడిచింది. వక్త ఇంట్లో కరెంటు పోయినా ప్రసంగం ఆగదు. ఓబీఎస్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో 1280×720 సైజు సరిపోతుంది. ఎంకేవీ ఫార్మాట్‌లోనే రికార్డు చేయమనండి. మామూలు ఎంపీ4 అయితే మధ్యలో ప్రోగ్రాం కూలినప్పుడు ఫైలు తెరుచుకోకపోవచ్చు. అయ్యాక ఓబీఎస్‌లోనే ఎంపీ4గా మార్చుకోవచ్చు (దాన్నే రీమక్స్ అంటారు). కమాండ్లు టైపు చేసే టెర్మినల్ కిటికీలో అక్షరాలు 20 పాయింట్లకు తగ్గితే ఫోనులో చూసేవాళ్ళకు కనబడవు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం ఓర్చుకుంటారు గానీ మాట సరిగా వినబడకపోతే వెళ్ళిపోతారు. ల్యాప్‌టాప్ మైకు వద్దు, ఇయర్‌ఫోన్ మైకు వాడాలి, ఫ్యాను ఆపాలి, ఒక నిమిషం రికార్డు చేసి విన్నాకే అసలు పని మొదలుపెట్టాలి.

మూడోవారిది సబ్‌టైటిళ్ళ పని, అన్నిటికన్నా ఓపిక కావాల్సింది దానికే. మన ప్రసంగాల్లో సగం ఇంగ్లీషు మాటలే కాబట్టి ఆటోమేటిక్ కాప్షన్లు తడబడతాయి, మనిషి కూర్చుని దిద్దాల్సిందే. సబ్‌టైటిళ్ళుండే ఎస్‌ఆర్‌టీ ఫైలు యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలూ పట్టే ఎన్‌కోడింగు) దాచాలి. విండోస్ నోట్‌ప్యాడ్‌లో ఏఎన్‌ఎస్‌ఐ అనే పాత ఎన్‌కోడింగు ఎంచుకుంటే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది. సబ్‌టైటిళ్ళను వీడియో బొమ్మమీదే అచ్చేస్తే, ఆ యంత్రంలో తెలుగు ఫాంటు లేకపోతే అక్షరాల చోట ఖాళీ డబ్బాలే మిగులుతాయి. డెబియన్‌లో ఫాంట్స్-తెలు ప్యాకేజీ ముందే వేసుకోవాలి. వీడియోలు మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్లలో, అక్షరాలు అచ్చేసే డ్రాటెక్స్ట్ ఫిల్టర్ వాడితే వత్తులు అక్షరం కింద కుదురుకోవు, సబ్‌టైటిల్స్ ఫిల్టరే వాడండి.

ఇక నాలుగోవారికి ప్రశ్నలు. అవి ఈథర్‌ప్యాడ్ అనే ఆన్‌లైన్ ఉమ్మడి నోట్‌బుక్‌లో పోగవుతాయి, జిట్సీ అనే వీడియో కాల్ గదిలో సమన్వయకర్త చదివి వినిపిస్తారు. ఆ చదివే మనిషి ప్రసంగం ముందే చూసి రెండు ప్రశ్నలు సిద్ధం చేసుకోవాలి. మనవాళ్ళు మొదటి ప్రశ్న అడగడానికి మొహమాటపడతారు, రెండోదాని నుంచి ఆపడమే కష్టం.