ముందు సాఫ్ట్‌వేర్ తేలనివ్వండి, గోడలు తర్వాత లేపుదాం

కట్టబోయే బిల్డింగ్ ఎలా ఉంటుందో పర్‌స్పెక్టివ్‌లో, అంటే దగ్గరవి పెద్దగా దూరానివి చిన్నగా కంటికి కనబడేట్టు, గీసి చూపించాలంటే ముందు కావాల్సింది చెయ్యీ కాదు, కన్నూ కాదు, ఆ బిల్డింగ్ గురించి ఒక ఆలోచన అసలే కాదు. ఎక్సెల్ షీట్. మా ఫ్రెండ్ ఒకడు ఆర్నెల్లుగా ఈ యజ్ఞంలోనే కూర్చున్నాడు. 14 సాఫ్ట్‌వేర్లు, 22 కాలమ్స్, చివరి కాలమ్ పేరు ‘ఫీల్’, దానికి పదికి మార్కులు. గీసిన బిల్డింగులు సున్నా, కానీ దానికి కాలమ్ పెట్టలేదు కాబట్టి ఆ లెక్క మనం అడక్కూడదు.

వాడి తీర్పులు వినాలి మీరు. క్రిటాలో గీత తనంతట తానే వానిషింగ్ పాయింట్ (దూరంగా పోయే గీతలన్నీ కలిసినట్టు కనబడే చోటు) వైపు తిరిగే అసిస్టెంట్లున్నాయి, పైగా ఫ్రీ. ఫ్రీ కాబట్టే రిజెక్ట్, "ఊరికే ఇస్తున్నారంటే ఏదో మతలబు ఉంటుంది రా" అని. ఫోటోషాప్ అద్దె కొంప, నెలనెలా కట్టాలి, రిజెక్ట్. క్లిప్ స్టూడియోలో పర్‌స్పెక్టివ్ రూలర్ బ్రహ్మాండం గానీ అది కామిక్స్ వేసేవాళ్ళదట, బిల్డింగ్ పరువు పోతుందట. ప్రొక్రియేట్‌లో మూడు వానిషింగ్ పాయింట్ల దాకా పెట్టుకోవచ్చు, కానీ దానికి ఐప్యాడ్ కావాలి, ఏ ఐప్యాడో తేల్చడానికి ఇంకో షీట్ కావాలి. ఇక బ్లెండర్ తెరవగానే స్క్రీన్ మధ్యలో ఒక క్యూబ్ ముందే కూర్చుని ఉంటుంది కదా, దాన్ని చూసి మావాడి మనసు విరిగింది. "నేను గీయాల్సింది వాడే గీసి పెడితే ఇక నేనెందుకు?"

ఇంతకీ వాడు పెట్టే పరీక్ష ఏంటంటే, పెట్టె. ప్రతి సాఫ్ట్‌వేర్‌లో ఒక పెట్టె గీస్తాడు, రెండు వానిషింగ్ పాయింట్లూ కాన్వాస్ లోపలే పెడతాడు, పెట్టె మూల పడవ ముక్కులా మీదికి పొడుచుకొస్తుంది, వెంటనే ఆ సాఫ్ట్‌వేర్‌కి ‘ఫీల్’లో రెండు మార్కులు. ఒరే, బొమ్మలో పట్టే చూపు వెడల్పు 60 డిగ్రీలు అనుకో, చదరంగా ఉన్న బిల్డింగ్‌కి ఆ రెండు పాయింట్ల మధ్య దూరం బొమ్మ వెడల్పుకి కనీసం 1.7 రెట్లుంటుంది, నీ కాన్వాస్ 3000 పిక్సెల్స్ అయితే అది 5000 దాటుతుంది, రెండూ లోపల ఎలా పడతాయిరా అని కాగితం మీద వేసి చూపించా. శ్రద్ధగా విన్నాడు. విని, "కనబడని పాయింట్‌ని నమ్మేదెలా" అన్నాడు. 17వ శతాబ్దంలో డచ్ పెయింటర్ వెర్మీర్ గీసిన గదుల బొమ్మల్లో వానిషింగ్ పాయింట్ దగ్గర సూది గుచ్చిన కన్నాలు దొరికాయి, సూదికి దారం కట్టి దాని సాయంతో గీతలు వేసుకున్నాడంటారు, ఆయన సాఫ్ట్‌వేర్ అదేరా అన్నా. కాసేపు ఆలోచించి, "దారంలో అన్‌డూ ఉందా?" అన్నాడు. పదిహేనో వరసలో రాసుకున్నాడు కూడా. సూది, దారం. ఫీల్: 6.

ఇదంతా నవ్వుకుని వదిలేసేవాణ్ణే. స్కెచప్ దగ్గర మాత్రం నావల్ల కాలేదు.

స్కెచప్ తెరిస్తే ఖాళీ నేల మీద ఒక మనిషి బొమ్మ నిలబడి ఉంటుంది. కొలత కోసం పెట్టారు దాన్ని. మావాడు తెరవగానే చేసే మొదటి పని ఆ మనిషిని డిలీట్ కొట్టడం. "వ్యూకి అడ్డం" అట!

అడ్డమా? ఆ మొత్తం స్క్రీన్‌లో పనికొచ్చేది ఆ మనిషొక్కడేరా! హొరైజన్ లైన్ అంటే, బొమ్మలో నేలా ఆకాశమూ కలిసే ఆ అడ్డగీత అంటే, గ్రిడ్‌లో సెట్టింగ్ అనుకుంటున్నావా, అది చూసేవాడి కన్ను. చదునైన నేల మీద నువ్వు నిలబడి చూస్తే నీ ఎత్తు మనుషులు దగ్గరున్నా దూరమున్నా అందరి కళ్ళూ ఆ గీత మీదే ఉంటాయి. నీ షీట్ పక్కన పడేసి ఇదొక్కటి పట్టుకుంటే తలుపు ఎంతెత్తుండాలో తెలుస్తుంది, కిటికీ ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. తలుపు పైఅంచు ఆ గీత కంటే కిందికి దిగిందంటే లోపలికి పాక్కుంటూ పోవాలి. అలాంటి తలుపులు గీస్తున్నారు! మోకాలెత్తు మెట్లు గీస్తున్నారు, పక్షి తప్ప ఎవరూ చూడని ఎత్తు నుంచి గీసి, పైన సాయంత్రపు ఎండ బ్రష్ ఒకటి పులిమి, ఆహా అంటున్నారు, ఆ బొమ్మ చూసే జనం సరేనంటారు, కట్టేస్తారు. రేపు ఆ మెట్ల మొదట్లో కర్ర పట్టుకుని ఆగిపోయే ముసలావిడ ఏ సాఫ్ట్‌వేర్‌లో గీశారని అడుగుతుందా? ఏ బ్రష్ వాడారని అడుగుతుందా? మనిషిని తుడిచేసి ఎవరి కోసం గీస్తున్నావురా ఇల్లు?

ఫోన్‌లో ఇదంతా ఒక్క ఊపులో అరిచేశా. అవతల చాలాసేపు చప్పుడు లేదు. పాపం ఎక్కువ అన్నానేమో అనిపించింది. తర్వాత కీబోర్డ్ చప్పుడు వినిపించింది. షీట్ 2 తెరిచాడు, పేరు ‘మనిషి బొమ్మలు’, ఇప్పటికి తొమ్మిది కాలమ్స్ అయ్యాయి, ఫీల్‌కి ఇరవై మార్కులు పెట్టమంటావా అని అడుగుతున్నాడు.