అతుకు దాచని కొలాజ్

ఫోన్లలో, కంప్యూటర్లలో పేరుకుపోయిన ఫోటోలతో ఏదైనా చేద్దామని కూర్చున్నవారికి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ముందుగా చూపించేది టెంప్లేట్. తొమ్మిది గళ్ల చట్రం ఎంచుకుంటే తొమ్మిది ఫోటోలు వాటంతటవే అందులో సర్దుకుంటాయి. చుట్టూ తెల్లని అంచు వచ్చేస్తుంది. దాన్ని కొలాజ్ అంటున్నాం. అందులో పై వరుస ఫోటోను కిందికి, కింది వరుసదాన్ని పైకి మార్చి చూడండి. ఏ తేడా రాదు. స్థానం మారినా అర్థం మారని అమరికను ఆల్బమ్‌లో ఒక పేజీ అనవచ్చు. కొలాజ్ అనిపించుకోవడానికి అది చాలదు.

రెండో దారి ఇంకా ఆకర్షణీయంగా ఉంటుంది. ఒక ఫోటోలోని మనిషిని కత్తిరించి, మరో ఫోటోలోని సముద్రతీరం మీద నిలబెట్టి, అంచులు మెత్తబరచి, వెలుతురు సరిచూసి, అక్కడ కోత ఉన్న సంగతే తెలియకుండా చేయడం. దీనికి నేర్పు కావాలి, ఆ నేర్పును నేను గౌరవిస్తాను. పాత ఫోటోల మరమ్మతుకు, ప్రకటనలకు, సినిమా పోస్టర్లకు అది అవసరం. కానీ మామూలు ఫోటోలను కళగా మలచాలనుకునేవారిని అది పక్కదారి పట్టిస్తుందని నా నమ్మకం. కొలాజ్‌లో అర్థం పుట్టేది రెండు ముక్కలు తగిలిన చోట. ఆ చోటును చెరిపేస్తే మిగిలేది మరో మామూలు ఫోటోనే, అదీ ఎన్నడూ జరగని సంఘటనది.

అతుకును దాచడం, అతుకును చూపడం అనే రెండు ధోరణులూ కంప్యూటర్ల కన్నా చాలా పాతవి. 1857లో ఫోటోగ్రాఫర్ ఆస్కార్ రెయిలాండర్ ముప్పైకి పైగా నెగెటివ్‌లను ఒక్కొక్కటిగా ముద్రిస్తూ 'ది టూ వేస్ ఆఫ్ లైఫ్' అనే ఒకే పెద్ద చిత్రాన్ని తయారు చేశారు. మరుసటి ఏడాది హెన్రీ పీచ్ రాబిన్సన్ ఐదు నెగెటివ్‌లతో 'ఫేడింగ్ అవే' రూపొందించారు. మరణశయ్య మీద ఒక యువతి, దగ్గరలో ఆమె కుటుంబం. నిజంగా ఆ గదిలోనే, ఆ క్షణంలోనే తీసిన ఫోటోలా ఉంటుంది. ఇద్దరి పట్టుదలా అతుకు కనిపించకూడదనే. ఫోటోగ్రఫీకి చిత్రలేఖనంతో సమానమైన మర్యాద దక్కాలన్న ఆరాటం వారిది. కాబట్టి పెద్ద తైలవర్ణ చిత్రాల్లో ఉండే కూర్పును ఫోటోలోకి తెచ్చారు.

దారి మళ్లింది 1912లో. ఆ ఏడాది చిత్రకారుడు పికాసో, పేము అల్లిక ముద్రించిన ఆయిల్‌క్లాత్ ముక్కను కాన్వాస్‌కు అంటించారు. ఆయన సహచర చిత్రకారుడు బ్రాక్, చెక్క గీతలు ముద్రించిన గోడ కాగితాన్ని బొగ్గు గీతల బొమ్మలో అతికించారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక బెర్లిన్‌లోని డాడా (సంప్రదాయ కళను ఎగతాళి చేసిన ఉద్యమం) కళాకారులు ఇదే పనిని ఫోటోలతో చేశారు. వారిలో హన్నా హోఖ్ గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఒక పెద్ద పత్రికా ప్రచురణ సంస్థలో కుట్లు, అల్లికల నమూనాలు గీసే ఉద్యోగం ఆమెది. పత్రికల్లో అచ్చయిన సాదాసీదా ఫోటోలే ఆమె ముడిసరుకు. 1920లో బెర్లిన్ డాడా ప్రదర్శనలో పెట్టిన ఆమె పెద్ద ఫోటోమాంటేజ్‌లో, అంటే ఫోటో ముక్కల కొలాజ్‌లో, రాజకీయ నాయకులు, నర్తకులు, యంత్రచక్రాలు, అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. సేనాని తల నర్తకి దేహం మీద ఉంటుంది. కోత తెలియకుండా అతికి ఉంటే అదొక వింత మనిషి బొమ్మగా మిగిలేది. కత్తెర అంచు కనబడుతోంది కాబట్టే, వేర్వేరు లోకాలను ఒక కళాకారిణి కావాలని ఢీకొట్టించిందని మనకు అర్థమవుతుంది. చూసేవారిని మోసం చేయకపోవడంలోనే ఆ చిత్రం బలం ఉంది.

1980ల్లో బ్రిటిష్ చిత్రకారుడు డేవిడ్ హాక్నీ అతుకును ఇంకోరకంగా వాడారు. మొదట, తీసిన వెంటనే ప్రింటు చేతికొచ్చే పొలరాయిడ్ ఫోటోలను తెల్లని అంచులతో సహా వరుసగా పేర్చారు. తర్వాత మామూలు కెమెరా ప్రింట్లను ఒకదాని మీద ఒకటి ఎక్కేలా అతికించారు. 1986 నాటి 'పియర్‌బ్లాసమ్ హైవే' ఎడారి మధ్య ఒక కూడలి. వందలాది ఫోటోల కూర్పు. ప్రతి వస్తువు దగ్గరికీ వెళ్లి తీసినవి కావడంతో దూరాన ఉండాల్సిన బోర్డు కూడా ఎదురుగా ఉన్నంత స్పష్టంగా ఉంటుంది. ఒక్క కెమెరా క్లిక్‌లో పట్టుబడేది ఒక్క క్షణం, ఒక్క చోటు. హాక్నీ చిత్రంలో మనం అటూ ఇటూ నడుస్తాం. ప్రింట్ల మధ్య ఆకాశపు నీలం కొద్దికొద్దిగా మారుతూ పోతుంది. ఆ తేడాలను సరిదిద్ది ఒకే నీలం చేసి ఉంటే గడిచిన సమయం చిత్రంలోంచి మాయమయ్యేది. ఈ రోజు ఫోన్లలోని పనోరమా చేసేది సరిగ్గా అదే.

సాఫ్ట్‌వేర్ చరిత్రను ఈ కోణం నుంచి చూస్తే అసలు సమస్య బోధపడుతుంది. ఫోటోషాప్ మొదటి వెర్షన్ 1990లో వచ్చింది. లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చే విడి పొరలు, 1994లో మూడో వెర్షన్‌తో వచ్చాయి. అంతకుముందు ఒక ముక్కను అతికించి వదిలేస్తే అది కింది చిత్రంలో కలిసిపోయేది, మళ్లీ జరపాలంటే కుదిరేది కాదు. లేయర్లతో ప్రతి ముక్కా విడిగా నిలిచింది. కొలాజ్ చేసేవారికి ఇంతకన్నా గొప్ప వరం మరొకటి రాలేదు. 1996లో గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వెలుగుచూడడంతో డబ్బు పెట్టకుండా ఇలాంటి పరికరాన్ని వాడుకునే వీలు కలిగింది. ఆ తర్వాతి పురోగతి చాలావరకు అతుకును దాచే దిక్కుకే సాగింది. 2010లో వచ్చిన కంటెంట్ అవేర్ ఫిల్, ఖాళీని చుట్టుపక్కల పిక్సెళ్లను బట్టి నింపింది. 2023లో వచ్చిన జెనరేటివ్ ఫిల్, ఫోటోలో ఎన్నడూ లేనిదాన్ని కూడా తయారు చేసి నింపుతోంది. పరికరం ఎటు లాగుతుందో తెలుసుకోకపోతే చేతులు అటే పోతాయి.

ఇక ముడిసరుకు సంగతి. కొలాజ్‌కు గొప్ప ఫోటోలు అవసరం లేదని అంటుంటారు. నేను ఇంకో అడుగు ముందుకు వేస్తాను: గొప్ప ఫోటోలు కొలాజ్‌కు అడ్డం. చక్కగా కుదిరిన ఫోటో తనలో తాను పూర్తయి ఉంటుంది, దాన్ని కోయడానికి చేయి రాదు, కోసినా ముక్కలు తమ పాత చట్రాన్నే గుర్తుచేస్తాయి. కదిలిపోయిన ఫోటో, సగం తల తెగిపోయినది, వెలుతురు ఎక్కువై ఆకాశం తెల్లబడిపోయినది, ఎవరూ లేని మెట్లు, గోడ మీద నీడ, పొరపాటున నొక్కుకుపోయిన నేల ఫోటో. ఇవన్నీ తెరిచి ఉన్న ఫోటోలు. మసకబారినది నేపథ్యమవుతుంది. తెల్లబడిన ఆకాశం ఖాళీ స్థలమవుతుంది. ఫోన్ సూచించగానే అలాంటివన్నీ చెరిపేసే అలవాటు ఉన్నవారు కాస్త ఆగితే మంచిది.

కోత దగ్గరే మొదటి నిర్ణయం ఉంది. నేటి సాఫ్ట్‌వేర్ ఒక్క నొక్కుతో మనిషి రూపాన్ని జుట్టు పోగులతో సహా వేరు చేస్తుంది. అది వస్తువు హద్దును గుర్తిస్తుంది, అంతవరకే. ఆ మనిషి భుజం వెనుక గోడలో రెండు వేళ్ల మేర పెచ్చులూడిన చోటు కూడా కావాలని దానికి తెలియదు. చుట్టూ గీత గీసి ఎంచుకునే పరికరమైన లాసోతో, చేత్తో గీసిన కోతలో ఆ ఎంపిక ఉంటుంది. కొంచెం వంకర, కొంచెం మొండి అంచు. అంచును మెత్తబరిచే ఫెదర్ విలువను సున్నా దగ్గరే ఉంచి చూడమంటాను. కాగితపు కోతలా తెగువగా కనిపిస్తుంది.

కోశాక ఎరేజర్ వాడకండి, మాస్క్ వాడండి. మాస్క్‌లో నలుపు పూసిన చోట లేయర్ దాగుతుంది, తెలుపు పూసిన చోట బయటపడుతుంది, బూడిదరంగు సగం చూపిస్తుంది. ఏదీ పోదు. ఈ రోజు దాచిన చేతిని రేపు తిరిగి తేవచ్చు. ఇది సాంకేతిక జాగ్రత్త మాత్రమే అనుకుంటారు చాలామంది. మాస్క్ ఉంటే భయం లేకుండా కోయగలుగుతాం, భయం లేని కోతకు వేరే రూపం వస్తుంది.

పై లేయర్ కింది లేయర్‌తో ఎలా కలవాలో చెప్పే బ్లెండ్ మోడ్‌ల జాబితా పొడవుగా ఉంటుంది. వాటిలో రెంటిని లోతుగా అర్థం చేసుకుంటే చాలావరకు పని జరుగుతుంది. సాధారణ 8 బిట్ చిత్రంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కదాని విలువ 0 (ఏమీ లేదు) నుంచి 255 (పూర్తి వెలుతురు) వరకు ఉంటుంది. మల్టిప్లై మోడ్ పై లేయర్ విలువను కింది లేయర్ విలువతో గుణించి 255తో భాగిస్తుంది. కాబట్టి పై లేయర్‌లో తెలుపు ఉన్న చోట కింది చిత్రం యథాతథంగా ఉంటుంది, నలుపు ఉన్న చోట నలుపే మిగులుతుంది. తెల్ల కాగితం మీద రాసిన పాత ఉత్తరాన్ని ఫోటో తీసి, ఒక ముఖం మీద మల్టిప్లైలో పెడితే కాగితం మాయమై సిరా మాత్రం చెంపల మీద నిలుస్తుంది. కాగితం బూడిదగా వచ్చి ఉంటే ముందు నలుపు తెలుపుల స్థాయిలు సరిచేసే లెవెల్స్‌తో దాన్ని తెల్లబరచాలి. స్క్రీన్ మోడ్ దీనికి తిరగబడిన లెక్క: నలుపు పోయి వెలుతురు మిగులుతుంది. రాత్రి తీసిన వీధి దీపాల ఫోటోలు దీనికోసమే పుట్టాయా అనిపిస్తుంది.

ఇంత కోత కనిపించాక చిత్రం ఒక్కటిగా నిలవాలంటే దేన్నో పట్టుకోవాలి. నా ఓటు రంగుకు. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు ఫోన్లతో తీసిన ముక్కల రంగులు పోట్లాడుకుంటాయి. అన్నిటికీ పైన, వెలుతురు స్థాయిని బట్టి రంగులు పూసే ఒక గ్రేడియంట్ మ్యాప్ లేయర్ వేసి, నీడలకు ఒక రంగు, వెలుతురుకు ఒక రంగు ఇచ్చి, దాని ఒపాసిటీని (గాఢతను) తగ్గిస్తూ పోతే ఒకచోట పోట్లాట ఆగుతుంది, తేడా మాత్రం ఉంటుంది. అక్కడ ఆపాలి. తైలవర్ణంగా మార్చే రెడీమేడ్ ఫిల్టర్లు దీనికి ప్రత్యామ్నాయం కావు. అవి ముఖానికీ గోడకూ ఆకుకూ ఒకే కుంచె గీత పూస్తాయి. చిత్రకారులెవరూ అలా వేయరు.

ముద్రించాలనుకుంటే పరిమాణాన్ని మొదటే నిర్ణయించుకోవాలి. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున ఏ4 కాగితానికి 2480 × 3508 పిక్సెళ్లు కావాలి. మెసేజింగ్ యాప్‌ల గుండా వచ్చిన ఫోటోలు కుదించుకుపోయి ఉంటాయి. పొడవు 1600 పిక్సెళ్లే ఉంటే అదే లెక్కన ఐదంగుళాలు దాటి కాస్త వస్తుంది, అంతే. అలాంటిదాన్ని చిన్న ముక్కగా వాడాలి, లేదా పిక్సెళ్లు పగిలి కనిపించడాన్నే చిత్రంలో భాగం చేయాలి.

ఎన్ని ఫోటోలు? ఐదు చాలు అనుకున్నప్పుడు మూడుతో ప్రయత్నించమంటాను. కొలాజ్‌లు చెడిపోయేది ఎక్కువగా నింపుడు వల్లే.

వేరేవారి చిత్రాలు వాడుకునే విషయంలో అనుమతి తప్పనిసరి. దానికి చక్కని దారులూ ఉన్నాయి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో, స్మిత్సోనియన్ 2020లో లక్షలాది చిత్రాలను ఎవరైనా స్వేచ్ఛగా వాడుకునేలా విడుదల చేశాయి. చట్టం చెప్పని బాధ్యత ఒకటి మన సొంత ఫోటోల్లోనే ఉంది. వాటిలో ఇతరుల ముఖాలున్నాయి. స్నేహితుడి ముఖాన్ని రెండుగా కోసి ప్రదర్శించే ముందు అతన్ని అడగాలి.

కుటుంబాల ఫోటోల్లో తరచూ ఒకరు కనిపించరు. కెమెరా పట్టుకున్నవారు. వరుసగా ఏళ్ల ఫోటోలు తిరగేసినా వారి జాడ ఉండదు. ఇప్పటి సాఫ్ట్‌వేర్ వారిని గుంపు చివర నిలబెట్టి, నీడ వేసి, మొదటినుంచీ అక్కడే ఉన్నట్టు చూపగలదు. ఆ పని చేస్తే ఆ మనిషి చేసిన అసలు పని చెరిగిపోతుంది: అందరినీ చూసింది, కాసేపు కదలకుండా నిలబెట్టింది ఆ మనిషే. కొలాజ్ చేసేవారు అదే మనిషి ఫోటోను వేరే కొలతలో, వేరే కాలపు రంగుతో, కత్తిరించిన అంచు కనబడేలా, గుంపుకు ఎదురుగా పెట్టగలరు. చూసినవారికి ఆ మనిషి అక్కడ ఎందుకు విడిగా ఉన్నారో ప్రశ్న పుడుతుంది, జవాబూ అందులోనే దొరుకుతుంది. పిల్లలు, వారి పిల్లలు ఎప్పుడో ఆ చిత్రం చూసినా దేన్ని కెమెరా చూసిందో, దేన్ని ఒకరు చేత్తో కలిపారో వారికి తెలుస్తుంది. అందుకే లేయర్లున్న ఫైలును పీఎస్‌డీ (ఫోటోషాప్ ఫైలు) గానో ఎక్స్‌సీఎఫ్ (గింప్ ఫైలు) గానో దాచి, అసలు ఫోటోలను ముట్టుకోకుండా వేరే ఫోల్డర్‌లో ఉంచమని అడిగిన ప్రతివారికీ చెబుతుంటాను.