కలుపుగోలు మనుషులకు టైమ్‌టేబుల్ ఒక్కటే మందు కాదు

ఇంటి నుంచి పని చేసే కలుపుగోలు మనుషులు గంటగంటకూ టైమ్‌టేబుల్ వేసుకోవాలన్న సలహాతో నేను ఏకీభవించను. అప్పటికప్పుడు ఉత్సాహంతో పని అందుకునేవారికి అలాంటి పట్టిక ఎక్కువ రోజులు నిలవదు. రోజుకు మూడు పనులు రాసుకుని, ఏది ముందన్నది ఆ పూట మనసుకే వదిలేయడం మేలు. గడువు మాత్రం మారకూడదు.

అసలు లోటు పక్కన మనిషి లేకపోవడం. దానికి జంటగా కూర్చోవడం బాగా పనిచేస్తుంది. సహోద్యోగితో వీడియో కాల్ పెట్టుకుని, ఏం చేయబోతున్నారో చెరో వాక్యంలో చెప్పుకోండి. తర్వాత మైకులు ఆపి 50 నిమిషాలు ఎవరి పని వారు చేసుకోవాలి. చివరి 10 నిమిషాలు కబుర్లకు. మాటలు ముందే మొదలైతే గంట ఇట్టే పోతుంది, అందుకే ఈ వరుస తప్పకూడదు.

ఇంకో చిక్కు, నోటిమాటగా ఒప్పేసుకోవడం. ఆఫీసులో అయితే ఎదురుపడినప్పుడు గుర్తుచేస్తారు, ఇక్కడ ఆ అవకాశం లేదు. కాల్ ముగిసిన వెంటనే ఎవరు, ఏమిటి, ఎప్పటికి అని రెండు లైన్లు గ్రూపులో పెట్టేయండి. రాత్రి మెరిసిన ఆలోచనను మాత్రం అప్పుడే పంపొద్దు. ఆఫీసు చాట్ యాప్‌లైన స్లాక్‌లోనూ మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లోనూ మెసేజ్‌ను ఉదయానికి షెడ్యూల్ చేయొచ్చు. హైదరాబాద్‌లో అమెరికా టీములతో రాత్రి 8:30 కాల్స్‌లో కూర్చునేవారైతే పగలు ఒక్క గంటైనా బయట మనుషుల్లోకి వెళ్లి రావాలి. అది పనిలో భాగమే, దయచేసి దాన్ని వాయిదా వేయకండి.