దేవుడు లేని కొండ

కొండెక్కాక దర్శనం లేకపోవడం ఏమిటి? నా మొదటి అభ్యంతరం ఇదే.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో గ్లెన్‌వుడ్ స్ప్రింగ్స్ అనే ఊరి పక్కన ఐరన్ మౌంటెన్ ఉంది. ఎత్తు సుమారు 7,100 అడుగులు, అంటే మన తిరుమలకు రెండున్నర రెట్లు. ఇంత కొండ మన చేతికి దొరికితే మెట్లు కట్టి, ఒక్కో మెట్టుకూ పసుపు కుంకుమ రాసి, పైన గుండు కొట్టించుకుని దిగేవాళ్లం. వీళ్లేమో రోప్‌వే వేసి, పైన థీమ్ పార్క్ పెట్టారు. అక్టోబర్ వస్తే హాలోవీన్ అనే దయ్యాల పండక్కి అందులో గుమ్మడికాయలు, అస్థిపంజరాలు కొలువుదీరతాయి. దసరాకి సెలవు దొరకని మనవాళ్లం డెన్వర్ నుంచి మూడు గంటలు కారు నడుపుకుంటూ వెళ్లి ఆ బొమ్మల కొలువు చూసొస్తాం.

దారి పొడవునా ఆస్పెన్ చెట్లు బంగారం పూత పూసినట్టు ఉంటాయి. మా ఊళ్లో ఆకులు రాలితే అమ్మ చీపురు అందుకునేది. ఇక్కడ కెమెరా అందుకుంటారు.

కొండ లోపల గుహలున్నాయి. 1890ల్లోనే జనానికి చూపించారు, 1917లో మూసేశారు, మళ్లీ 1999లో తెరిచారు. మూసిన కాలం తీసేసినా నలభై ఏళ్లకు పైగా సమయం ఉంది. అన్నేళ్లలో ఒక్కరికైనా ఆ రాతి స్తంభాల్లో శివలింగం కనబడలేదంటే వీళ్ల చూపు మీదే నాకు అనుమానం. బొర్రా గుహల్లో మనకు ఎంత చప్పున కనబడింది!

అయితే భక్తి విషయంలో ఒక్క ఏర్పాటు మాత్రం మెచ్చుకోవాలి. కొండ అంచున ఒక ఊయల కట్టారు. అది ఊగితే కింద 1,300 అడుగుల లోతున కొలరాడో నది. నేను నాస్తికుడినని పదేళ్లుగా చెప్పుకు తిరుగుతున్నవాణ్ణి. మొదటి ఊపుకి వెంకన్నకు తలనీలాలు, రెండో ఊపుకి అన్నవరంలో వ్రతం, మూడో ఊపుకి శ్రీశైలం, యాదగిరిగుట్ట కలిపి మొక్కేశాను. ఎన్ని ప్రవచనాలు విన్నా కలగని భక్తి నిమిషంలో కలిగింది. మన దేవస్థానాలు ఈ పద్ధతిని తక్షణం పరిశీలించాలి.

అస్థిపంజరాలు నన్ను భయపెట్టలేదు. అసలు దయ్యం ఆ ఊళ్లోనే ఉంది. డాక్ హాలిడే అనే తుపాకీ వీరుడు క్షయరోగంతో 1887లో అక్కడే పోయాడు. శ్మశానంలో రాయి అయితే ఉంది గానీ, శవం సరిగ్గా ఎక్కడుందో తెలియదంటారు. అతగాడి అసలు వృత్తి పళ్ల డాక్టరు. ఇన్సూరెన్స్ లేకుండా అమెరికాలో పన్ను పీకించుకున్నవాణ్ణి, నాకింతకు మించిన హారర్ అక్కర్లేదు.

గుమ్మడికాయల దగ్గర మాత్రం మా అత్తగారు గట్టిగా నిలబడ్డారు. ఐర్లండ్‌లో టర్నిప్ దుంపలు తొలిచి దీపం పెట్టేవారట, అమెరికా వచ్చాక గుమ్మడికాయ దొరికిందట, అంతా దుష్టశక్తులు రాకుండానట అని వివరించాను. "మరి దిష్టి తీసి పగలగొట్టరేం? తీసిన కాయని దారిలో పెడితే ఎవరైనా తొక్కరూ?" అన్నారు. వెంటనే మా అమ్మాయిని రెక్క పట్టుకుని పక్కకి లాగారు.

చీకటి పడింది. చలిగాలి రివ్వున కొట్టింది. ఓ గుమ్మడికాయలో వెలుగుతున్న కొవ్వొత్తి కాస్తా రెపరెపలాడి ఆరిపోయింది.

"అయ్యో, దీపం కొండెక్కింది" అన్నారు అత్తగారు.

మా అమ్మాయి చుట్టూ చూసింది. "మనం కొండమీదే ఉన్నాం కదా అమ్మమ్మా, ఇంకెక్కడికి ఎక్కుతుంది?"