వీళ్లకి రంగు వెయ్యడం మర్చిపోయారా?

పోయిన వేసవి సెలవులకి మా అన్నయ్య కొడుకు ఇంటికొస్తే వాడికి ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ చూపించాను. పీటర్ జాక్సన్ తీసింది కాదు. దానికి ఇరవై మూడేళ్ల ముందు, 1978లో, రాల్ఫ్ బాక్షి తీసిన యానిమేషన్ సినిమా. బ్రీ ఊళ్లో సత్రం సీను దాకా వాడు బుద్ధిగానే కూర్చున్నాడు. అక్కడ కథానాయకుడు ఫ్రోడో బల్ల ఎక్కి పాట పాడతాడు. ఫ్రోడో మామూలు కార్టూన్ బొమ్మే. చుట్టూ ఉన్న జనం మాత్రం నిజం మనుషులు. ఫోటోని జెరాక్స్ తీసి, దాని మీద ఏదో ఒక రంగు పూసి వదిలేసినట్టుంటారు. మావాడు స్క్రీన్ దగ్గరికి వెళ్లి వేలు పెట్టి చూపించాడు. “బాబాయ్, వీళ్లకి రంగు వెయ్యడం మర్చిపోయారా?”

మర్చిపోలేదురా, డబ్బులూ టైమూ చాల్లేదు అన్నాను. అది సగం నిజమే. ఆ పూసిన మనుషులు ఈ సినిమాని ఎక్కడ నిలబెట్టారు, ఎక్కడ ముంచారు అన్నది మిగతా సగం. ఇన్నేళ్లుగా దీన్ని ‘సగంలో ఆగిపోయిన వింత’ అని పక్కన పెట్టేస్తున్నారు కానీ, అందులో కొన్ని నిమిషాలు జాక్సన్ సినిమాల కంటే, ఈ నవల రాసిన టోల్కీన్‌కి దగ్గరగా ఉన్నాయని నా అభిప్రాయం.

బాక్షి అన్న పేరు చూసి మనవాడనుకోకండి. హైఫాలో పుట్టి, న్యూయార్క్‌లో బ్రూక్లిన్ గల్లీల్లో పెరిగిన యూదు కుటుంబం అబ్బాయి. 1972లో ‘ఫ్రిట్జ్ ది క్యాట్’ తీశాడు. అమెరికాలో ‘ఎక్స్’ సర్టిఫికెట్, అంటే పెద్దలకి మాత్రమే అన్న ముద్ర పడిన మొదటి యానిమేషన్ సినిమా అదే. బొమ్మల సినిమా అంటే పిల్లలదే అనుకునే రోజుల్లో వీధి గొడవలు, జాతి వివక్ష, సెక్స్, మత్తు అన్నీ బొమ్మల్లోనే చూపించాడు. టోల్కీన్ చూస్తే మొహం తిప్పుకునే రకం సినిమాలు. ఆ మాటకొస్తే టోల్కీన్‌కి డిస్నీ కూడా పడదు. 1937లో తన ‘హాబిట్’ నవల అమెరికా ఎడిషన్‌కి అక్కడి ఆర్టిస్టులతో బొమ్మలు వేయిద్దామన్నప్పుడు, డిస్నీ వాసన తగిలిందేదీ వద్దని ప్రచురణకర్తలకి ఉత్తరం రాశాడు. ఆయన 1973లో పోయాడు కాబట్టి బాక్షి తీసిన ఈ సినిమా చూసే యోగం తప్పింది.

సినిమా హక్కులు యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థ చేతికి 1969లోనే వచ్చాయి. దర్శకుడు జాన్ బూర్మన్ నవల మూడు సంపుటాలనీ ఒక్క సినిమాలో కుక్కి స్క్రిప్టు రాశాడు. అది తెర దాకా రాలేదు. 1976లో నిర్మాత సాల్ జాంట్జ్ హక్కులు కొన్నాడు. బాక్షి షరతు ఒక్కటే: పుస్తకంలో ఉన్నట్టే తీస్తాను, ఒక్క సినిమాలో కుదరదు. చివరి స్క్రీన్‌ప్లే మీద క్రిస్ కాంక్లింగ్, పీటర్ ఎస్. బీగిల్ పేర్లున్నాయి. బీగిల్ సొంతంగా ఒక మంచి ఫాంటసీ నవల రాసినవాడు. సినిమాలో మాటలు పుస్తకానికి అంత దగ్గరగా వినిపించడంలో ఆ చెయ్యి తెలుస్తుంది.

ఇక ఆ జెరాక్స్ మనుషుల సంగతి. దీన్ని రోటోస్కోపింగ్ అంటారు. ముందు నటులతో మామూలు సినిమాలాగే తీస్తారు, తర్వాత ఒక్కో ఫ్రేము మీద కాగితం పెట్టి బొమ్మ గీసుకుంటూ పోతారు. కనిపెట్టింది మాక్స్ ఫ్లైషర్, 1915 ప్రాంతంలో. డిస్నీ ‘స్నో వైట్’కి కూడా ఒక డాన్సర్‌తో చేయించి ఆ ఫిల్ము చూసి గీశారు. కాకపోతే డిస్నీ వాళ్లు ఆ సంగతి గట్టిగా చెప్పుకోలేదు, ఎందుకంటే యానిమేటర్లకి ఇది నామోషీ. కిందున్నది దిద్దడం కళ ఎలా అవుతుంది అని. బాక్షికి ఆ సిగ్గు లేదు. స్పెయిన్ వెళ్లి గుర్రాలతో, కవచాలతో యుద్ధాలు తీశాడు. హాబిట్ల (ఫ్రోడో లాంటి పొట్టి జనం) కోసం పొట్టి నటుడు బిల్లీ బార్టీని పెట్టుకున్నాడు, ఫ్రోడోని పెంచిన బిల్బోకి, తోటమాలి శామ్‌కి నడక ఆయనదే. గొంతులు వేరే వాళ్లవి. అరగార్న్‌కి జాన్ హర్ట్, లెగోలాస్‌కి ‘స్టార్ వార్స్’లో బంగారు రోబో వేసిన ఆంథొనీ డేనియల్స్.

కానీ రెండు గంటల పైచిలుకు సినిమాలో వేలకి వేల ఫ్రేములు, ఒక్కో యుద్ధం ఫ్రేములో పదుల మంది. అందర్నీ గీసి రంగులెయ్యడం అయ్యే పని కాదు. అందుకని చాలాచోట్ల గీయడం మానేసి, ఫిల్మునే బాగా కాంట్రాస్టు పెంచి ప్రింటు తీసి, దాని మీదే రంగు పూసేశారు. మధ్యలో ఉండే మెత్తటి ఛాయలన్నీ ఎగిరిపోయి, నలుపు నలుపుగా, తెలుపు తెలుపుగా మిగులుతాయి. మొహంలో కళ్ల గుంటలు, ముక్కు నీడ తప్ప ఏమీ ఉండదు.

ఇప్పుడు ఒక సీను చూడండి. తమ సీమ షైర్ దాటుతున్న నలుగురు హాబిట్లు దారి పక్కన ఓ పెద్ద చెట్టు వేళ్ల కింద నక్కుతారు. పైన గుర్రం ఆగుతుంది. నల్ల ముసుగు మనిషి దిగుతాడు. ఒంట్లో ఏదో విరిగినవాడిలా ఈడ్చుకుంటూ రెండడుగులు వేస్తాడు. ముక్కుతో వాసన పీలుస్తున్న చప్పుడు. కింద హాబిట్లు గుండ్రటి గీతలతో, నిండు రంగులతో ఉన్న కార్టూన్లు. పైనున్నవాడు ఆ లోకంవాడు కాదు. వాడి బట్టకి ముడతలున్నాయి, ఒంటికి బరువుంది, కానీ రంగు లేదు. ఫ్రోడో చెయ్యి తన దగ్గరున్న, చీకటి ప్రభువు సౌరాన్ వెతికే మాయ ఉంగరం వైపు వెళ్తుంటే మనకి చెమట పడుతుంది.

ఆ నల్ల రౌతులు ఎవరో పుస్తకం చదివినవాళ్లకి తెలుసు. ఒకప్పుడు వాళ్లు మనుషులు, రాజులు కూడా. ఉంగరాలు తొడుక్కుని, ఏళ్లు గడిచేకొద్దీ ఒంట్లోంచి మనిషితనం ఆరిపోయి నీడలుగా మిగిలారు. నిజం మనిషిని తీసుకుని, ఛాయలన్నీ తుడిచేసి, వట్టి నలుపు మిగల్చడం అంటే సరిగ్గా అదే కదా. టోల్కీన్ మాటల్లో చెప్పినదాన్ని ఇక్కడ ల్యాబు చేసి పెట్టింది. జాక్సన్ రౌతులు భయపెడతారు, కాదనను. కానీ వాళ్లు ఫ్రోడో ఉన్న లోకంలోనే ఉన్న, నల్లబట్టలేసుకున్న రౌతులు.

ఏటి రేవు దగ్గర ఛేజ్‌లో ఇది ఇంకా ముదురుతుంది. గాయపడ్డ ఫ్రోడోకి లోకం చెదిరిపోతున్న కొద్దీ వెనక కొండలూ చెట్లూ పోయి, రంగుల పొగలాంటి ఆకాశం మిగులుతుంది. అందులో తొమ్మిది నిజం గుర్రాలు. సీను మామూలు లెక్కలో చాలా పొడుగు, ఇంకెవరైనా అయితే సగానికి కోసేవారు. నాకు ఆ సాగదీతే నచ్చింది. జ్వరంలో కల అలాగే సాగుతుంది.

మరి ఎక్కడ చెడింది? రోహన్ రాజ్యం రౌతులు వచ్చిన దగ్గర. వాళ్లు మంచివైపు. బతికున్న మనుషులు, పొలాలూ గుర్రాలూ పెళ్లాం బిడ్డలూ ఉన్నవాళ్లు. వాళ్లనీ అదే జెరాక్స్ పద్ధతిలో పూసేశారు. హెల్మ్స్ డీప్ కోట యుద్ధంలో ఇటు సౌరాన్ పక్షం రాక్షసులైన ఆర్క్‌లూ అటు మనుషులూ ఒకే ముద్దగా కనిపిస్తారు. ఆర్క్‌ల కళ్లు ఎర్రగా, కోరలు తెల్లగా వెలుగుతాయి కాబట్టి పోల్చుకుంటాం, అంతే. మొదటి గంటంతా ‘రంగు పోయినవాడు నీడ’ అని మన కళ్లకి నేర్పించిన సినిమా, చివరి అరగంటలో తన పాఠం తనే చెరిపేసుకుంది. ఆ బ్రీ సత్రం సీన్లో మావాడికి తేడా కొట్టింది కూడా ఇదే. పాటకి చప్పట్లు కొడుతున్న ఊరివాళ్లు దెయ్యాల్లా ఎందుకున్నారు అని. చాలామంది విమర్శకులు రోటోస్కోపింగ్‌నే తప్పు పట్టారు. నా లెక్కలో తప్పు పద్ధతిది కాదు. దాన్ని ఒకచోట అర్థం కోసం, ఇంకోచోట ఖర్చు తగ్గించుకోవడం కోసం వాడారు. చూసేవాడికి ఏది దేనికో తెలిసే దారి లేదు.

మొదట్లో వచ్చే ఉపోద్ఘాతం మాత్రం ఈ లెక్కలకి బయట నిలబడుతుంది. ఉంగరాల పుట్టుక, వాటి కోసం జరిగిన యుద్ధం, స్మియాగోల్ (తర్వాత గొల్లుమ్ అయ్యేవాడు) ఉంగరం కోసం చేసిన హత్య, అన్నీ ఎర్రటి తెర ముందు నీడలుగా ఆడించారు. నిమ్మలకుంట తోలుబొమ్మలు చూసిన కళ్లకి ఇది వెంటనే తగులుతుంది, ఒక తేడాతో. మన బొమ్మల్లో రంగు బొమ్మదే, దీపం వెలుతురు తోలులోంచి వచ్చి తెల్లటి తెర మీద పడుతుంది. ఇక్కడ రంగంతా తెరది, మనుషులు కటిక నలుపు. పాత కథని పాత కథలా, అంటే ఎవరో చెబుతుంటే విన్నదాన్ని చూస్తున్నట్టుగా చూపించడానికి అంతకంటే చవకైన మంచి దారి ఉండదేమో. జాక్సన్ అదే కథకి వేలమంది సైన్యాన్ని దించాడు.

చిల్లర తప్పులు చాలా ఉన్నాయి, దాచి లాభం లేదు. సౌరాన్, మాంత్రికుడు సరుమాన్ పేర్లు జనం కలగలిపేస్తారని భయపడి సరుమాన్‌ని ఆరుమాన్ చేశారు. ఆ మార్పూ పూర్తిగా చెయ్యలేదు, ఒక సీన్లో ఆరుమాన్, ఇంకో సీన్లో సరుమాన్. బోరోమిర్‌కి వైకింగ్ కొమ్ముల టోపీ. అరగార్న్‌కి ప్యాంటు లేదు. పాతాళ భూతం బాల్‌రాగ్ సింహం తలతో నాటకం డ్రెస్‌లా ఉంటుంది, భయం బదులు జాలేస్తుంది. అన్నిటికంటే నాకు బాధ కలిగించింది శామ్. పుస్తకానికి వెన్నెముకలాంటి తోటమాలిని వెర్రిబాగులవాణ్ని చేశారు.

పీటర్ జాక్సన్ కుర్రాడిగా ఉన్నప్పుడు న్యూజిలాండ్‌లో ఈ సినిమా చూశాడు. సరిగ్గా అర్థంకాక, సినిమా బొమ్మ అట్టమీదున్న పుస్తకం కొనుక్కుని ఆక్లండ్ రైల్లో చదివాడట. అతని మొదటి భాగంలో బిల్బో పుట్టినరోజు విందులో ఒక ముసలి హాబిట్ తన పెద్ద పాదాలు బల్ల మీద పెట్టి అరిచే షాట్ బాక్షిదే, అది గౌరవంగా తీసుకున్నదేనని జాక్సన్ ఒప్పుకున్నాడు. చెట్టువేళ్ల కింద దాక్కునే సీను, సత్రంలో రౌతులు ఖాళీ మంచాల మీద కత్తులు దించే సీను కూడా పక్కపక్కన పెట్టి చూస్తే చుట్టరికం తెలిసిపోతుంది. పుస్తకంలో ఆ మంచాల దాడిని మనం చూడనే చూడం, పొద్దున్నే చిరిగిపోయిన దిండ్లు మాత్రం కనిపిస్తాయి.

ఇంకో తమాషా ఉంది. 2002లో జాక్సన్ రెండో భాగంలో గొల్లుమ్‌ని చూసి లోకం నోరు తెరిచింది. ఆండీ సెర్కిస్ నటిస్తే, ఆ కదలికలు పట్టుకుని, దాని మీద కంప్యూటర్‌లో బొమ్మ కట్టారు. నటుడు ముందు, బొమ్మ తర్వాత. బాక్షి 1978లో చేసిందీ అదే వరస. ఆయన చేస్తే ‘దిద్దుడు’ అన్నారు.

అయితే సినిమా చెడ్డపేరుకి అసలు కారణం బొమ్మలు కావు, టైటిలు. కథ హెల్మ్స్ డీప్ దగ్గర, అంటే నవలలో సగం కాస్త దాటాక ఆగిపోతుంది. బాక్షి దీన్ని మొదటి భాగంగానే తీశాడు. ‘పార్ట్ వన్’ అని వేస్తే సగం సినిమాకి డబ్బులు పెట్టి ఎవరొస్తారని స్టూడియో ఆ ముక్క తీసేయించింది. ఇంటర్వెల్ పడాల్సిన చోట శుభం కార్డు పడింది. హాల్లోంచి బయటికొచ్చినవాళ్లు మోసపోయామనుకున్నారంటే వాళ్ల తప్పేముంది? 2015లో ‘బాహుబలి’ టైటిల్లోనే ‘ది బిగినింగ్’ అని ఉంది. కట్టప్ప ఎందుకు పొడిచాడో చెప్పకుండా ఇంటికి పంపించినా జనం తిట్టుకోలేదు, దాదాపు రెండేళ్లు దాని గురించే మాట్లాడుకున్నారు. సగం చూపించడం నేరం కాదు, సగమని చెప్పకపోవడమే జనానికి మండింది. అయినా బాక్షి సినిమా అమెరికాలో 3 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది, పెట్టిన ఖర్చుకి రెట్లకి రెట్లు. రెండో భాగం మాత్రం రాలేదు. జాక్సన్ మూడు భాగాలూ ఒకేసారి షూటింగ్ చేసేశాడు, మధ్యలో ఎవరూ మనసు మార్చుకునే వీల్లేకుండా.

దొరికే ప్రింటులో ముగింపు ఎలా ఉంటుందంటే, మాంత్రికుడు గాండాల్ఫ్ కత్తిని గాల్లోకి ఎగరేస్తాడు. కథకుడి గొంతు వినిపిస్తుంది. ఫ్రోడో స్నేహితుల పరాక్రమంతో చీకటి శక్తులు మిడిల్ ఎర్త్ (ఈ కథ జరిగే లోకం) నుంచి శాశ్వతంగా తొలగిపోయాయని, మొదటి మహాగాథ ముగిసిందని. అంతకు కాసేపటి ముందే మనం చూశాం, ఫ్రోడో, శామ్ గొల్లుమ్ వెనక ఏదో చావుదారిలో పోతున్నారు. సౌరాన్ కోటకి ఒక్క రాయి కూడా తగల్లేదు. శాశ్వతంగా తొలగిపోవడం ఏమిటి?

పేర్లు పడుతున్నాయి. మావాడు లేవలేదు.

“మరి ఉంగరం?”

“ఫ్రోడో దగ్గరే ఉంది.”

“అయిపోయిందన్నాడుగా?”