మహామాంద్యం: 1937లో అమెరికా ఎందుకు మళ్లీ జారిపడింది?

మాంద్యం వస్తే ప్రభుత్వం కల్పించుకోవాలా, మార్కెట్‌కే వదిలేయాలా? ఈ తగువు లేచినప్పుడల్లా ఇరుపక్షాలూ అమెరికా మహామాంద్యాన్నే సాక్ష్యానికి పిలుస్తాయి. తమాషా ఏమిటంటే, ఇద్దరికీ అక్కడ కావలసినంత సరుకు దొరుకుతుంది.

1933 మార్చి 4న రూజ్‌వెల్ట్ అమెరికా అధ్యక్షుడిగా గద్దెనెక్కేనాటికి నలుగురు కార్మికుల్లో ఒకరికి పని లేదు. వేల బ్యాంకులు మునిగిపోయాయి. జనం చేతుల్లో, ఖాతాల్లో ఉన్న డబ్బు నాలుగేళ్లలో మూడో వంతు తరిగిపోతుంటే అక్కడి కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ చూస్తూ కూర్చుంది. రూజ్‌వెల్ట్ రెండు రోజుల్లో దేశంలోని బ్యాంకులన్నిటికీ తాళాలు వేయించాడు. 12వ తేదీ రాత్రి రేడియోలో, పరుపు కింద దాచుకోవడం కంటే మళ్లీ తెరిచిన బ్యాంకులో వేసుకోవడమే భద్రమని చెప్పాడు. మర్నాటి నుంచి, డబ్బు తీసేసుకోవడానికి బారులు తీరిన జనమే తిరిగి వేయడానికి వచ్చారు. తర్వాత డాలరుకు బంగారంతో ఉన్న ముడి సడలించి, ఔన్సు బంగారం ధరను 20.67 డాలర్ల నుంచి 35కు పెంచారు. నా లెక్కలో అసలు మందు ఇదే. పెద్ద ఖర్చు పద్దు కూడా కాదు.

అదే ప్రభుత్వం ధరలు పెంచాలని సుమారు 60 లక్షల పందిపిల్లల్ని చంపించింది, చేతికి రావలసిన పత్తిని దున్నించేసింది. ఊళ్లలో జనం గంజి కోసం నిలబడిన ఏడాది అది! పరిశ్రమల్లో ధరలు కట్టేసే చట్టాన్ని 1935లో సుప్రీంకోర్టు కొట్టేసింది, మంచిదే అయింది. ఆ ఏడాదే మొదలైన పనుల పథకం మాత్రం ఎనిమిదేళ్లలో 85 లక్షల మందికి కూలి ఇచ్చింది. 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన మన ఉపాధి హామీకి దూరపు చుట్టం అనుకోవచ్చు.

ఇక 1937. ఉత్పత్తి మళ్లీ మాంద్యానికి ముందటి 1929 స్థాయికి చేరింది, నిరుద్యోగం 14 శాతం దరికి దిగింది. రోగి లేచి కూర్చున్నాడని వాషింగ్టన్ మందు ఆపేసింది. ఖర్చులు కోశారు. కొత్తగా సామాజిక భద్రత పన్ను జీతాల్లోంచి కోత పడటం మొదలైంది, దాని చెల్లింపులేమో ఇంకా ఊపందుకోలేదు. బ్యాంకులు పక్కన పెట్టాల్సిన నిల్వను ఫెడరల్ రిజర్వ్ మూడు దఫాల్లో రెట్టింపు చేసింది, అంటే అప్పులివ్వడానికి వాటి చేతిలో మిగిలేది తగ్గింది. ఏడాది తిరిగేసరికి నిరుద్యోగం 19 శాతానికి ఎగబాకింది.

ప్రభుత్వ జోక్యం దండగ అనేవాళ్లు ఈ 19 శాతాన్నే చూపిస్తారు. అది జోక్యం తగ్గించిన ఏడాది లెక్క. 1938 ఏప్రిల్‌లో రూజ్‌వెల్ట్ మళ్లీ అమెరికా చట్టసభ కాంగ్రెస్ ముందుకొచ్చి ఖర్చుకు డబ్బు అడిగాడు. వేసవి దాటకముందే ఫ్యాక్టరీల ఉత్పత్తి పైకి తిరిగింది.